మీరు చూసింది ఆ సినిమాయేనా?

పాత సినిమాల మీద నల్లగొండ, పాలమూరు వైపు వినబడే తీర్పులు చాలా పొట్టిగా ఉంటాయి. దెయ్యం సినిమా అయితే "గిదానికా అప్పట్ల భయపడ్డది?" థ్రిల్లరయితే "మస్తు ల్యాగున్నది." కామెడీ అయితే "మా నాయినకు నవ్వొచ్చింది, నాకు రాలే." విఠలాచార్య జానపద సినిమాకు ఆ మాత్రం తీర్పు కూడా దక్కదు, అట్టకత్తుల మీద ఒక మీమ్‌తో సరి.

ఈ మాటలనేవాళ్లు సినిమా పండితులు కారు, కానక్కర్లేదు కూడా. పొద్దంతా పని చేసి, రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లోనో టీవీలోనో ఏదో ఒకటి పెట్టుకునేవాళ్లు. వాళ్ల అభిప్రాయానికి విలువ లేదని అనడం లేదు. నా పేచీ వేరే. ఈ తీర్పుల్లో చాలామటుకు సినిమా మీద ఇచ్చినవి కావు, చేతికందిన కాపీ మీద ఇచ్చినవి. పావుగంట కోసేసి, అంచులు నరికి, వేగం పెంచి, రాత్రిని మధ్యాహ్నం చేసి ఎవరో ఎక్కించిన వీడియోను చూసి దర్శకుణ్ణి తిడుతున్నాం. దొరికిన కాపీ ఎలాంటిదో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు పెట్టాక కూడా సినిమా బాగాలేదంటే ఆ మాటకు ఎదురు చెప్పను.

ముందు నిడివి చూడాలి. సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్టును అందరూ దాటేస్తారు గానీ, పాత సినిమా విషయంలో అంతకు మించిన సాక్షి లేదు. రీళ్లెన్నో, పొడవెంతో దాని మీదే ఉంటుంది. బాగా పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే సుమారు 27.4 మీటర్లు. సర్టిఫికెట్టు మీద 4,000 మీటర్లని ఉంటే సినిమా 2 గంటల 26 నిమిషాలు ఉండాలి. మీ కాపీ 2 గంటల 20 నిమిషాలు చూపిస్తే కంగారు పడొద్దు. మన దేశంలో వీడియో టేపులు, టీవీ ప్రసారాలు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములతో నడిచేవి. అదే సినిమా 4 శాతం వేగంగా పరుగెత్తి ఆరు నిమిషాలు ముందే ముగుస్తుంది. అమెరికా మార్కెట్టుకని చేసిన డీవీడీలు ఎన్టీఎస్సీ పద్ధతివి, వాటిలో ఈ తేడా రాదు. కాపీ 2 గంటల 5 నిమిషాలే ఉందంటే మాత్రం అందులో పావుగంట సినిమా ఎవరో మింగేశారు.

ఏం మింగుతారంటే, ముందు పాటలు. పాటల హక్కులు ఆడియో కంపెనీల చేతిలో ఉంటాయి కాబట్టి అప్‌లోడ్ చేసేవాళ్లు పాట వచ్చేచోట కత్తెర వేస్తారు. ప్రేమకథలో పాట పోతే పెద్ద నష్టం లేదు. పాత థ్రిల్లర్లలో అలా కాదు. పాట నడుస్తుండగానే ఒక మనిషి తలుపు చాటు నుంచి తప్పుకోవడం, ఒక వస్తువు చేతులు మారడం చూపించేస్తారు. ఆ మూడు నిమిషాలు పోయాక చివర్లో హంతకుడి పేరు బయటపడితే "లాజిక్ లేదు" అని మనమే అంటాం.

రెండో రకం కోత ఎవరూ కావాలని చేసింది కాదు. నైజాం ఏరియాలో హైదరాబాద్‌లో ఆడిన ప్రింటు జిల్లా కేంద్రాలకు, అక్కడి నుంచి చిన్న ఊళ్లకు, చివరికి టూరింగ్ టాకీసులకు దిగేది. ప్రతి ఆటకూ ప్రొజెక్టరులోకి ఎక్కించే రీలు మొదలు, బయటికి వచ్చే రీలు చివర ఎక్కువ అరుగుతాయి. తెగినచోట ఆపరేటరు రెండు ముక్కల అంచులు గీకి సిమెంటుతో అతికిస్తే, అతుకుకు ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. పది ఊళ్లు తిరిగేసరికి రీలు కొసన సగం డైలాగు ఉండదు. అలాంటి ప్రింటు నుంచే వీడియో తీశారని కనిపెట్టే గుర్తు ఒకటుంది. తెర పైన కుడిమూల ఒక చుక్క తళుక్కుమని మాయమవుతుంది, ఏడు సెకన్ల తర్వాత మళ్లీ ఒకటి. మొదటిది రెండో ప్రొజెక్టరు మోటారు వేయమని, రెండోది అటు మారమని ఆపరేటరుకు సైగ. ఆ చుక్కల దగ్గర్లోనే మాట తెగి, మనిషి గది ఈ చివర నుంచి ఆ చివరకు గెంతితే, అది ఎడిటింగ్ లోపం కాదు. ఊరూరా తిరిగిన అరుగుదల.

వీసీడీ (వీడియో సీడీ) కాలం దెబ్బ ఇంకోటి. వీసీడీ బొమ్మ 352 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 288 ఎత్తు. డీవీడీలో ఉండే చుక్కల్లో నాలుగో వంతు. దాన్నే సాగదీసి పైన "ఫుల్ హెచ్‌డీ" అని రాసి ఎక్కిస్తారు. పగటి సీన్లలో ముఖాలు కాస్త మసకబారతాయి, అంతే. చీకటి సీన్లలో నలుపంతా చతురస్రాల ముక్కలై కదులుతూ ఉంటుంది, మూలన నిలబడ్డ మనిషి ఆ ముక్కల్లో కలిసిపోతాడు. ఒక్కో డిస్కులో 74, మహా అయితే 80 నిమిషాలు పడుతుంది. రెండు గంటల ముప్పావు సినిమా రెండు డిస్కుల్లోనే వచ్చిందంటే అనుమానించాల్సిందే.

ఇక అంచుల సంగతి. 1974 నాటి అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది. ఆ బొమ్మ ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పు. పాత టీవీ తెర ఎత్తుకు 1.33 రెట్లే. టీవీకి నిండుగా పట్టించాలని రెండు పక్కలా కోస్తే బొమ్మలో 43 శాతం పోతుంది. థ్రిల్లరులో ఎడమ అంచున అనుమానితుడు, కుడి అంచున పోలీసు ఉంటే, మీకు కనబడేది మధ్యలో ఉన్న బల్ల. ఇప్పుడు తిరగబడిన దొంగతనం నడుస్తోంది. స్కోప్ కంటే ముందటి చదరపు బొమ్మను కొత్త టీవీ వెడల్పుకు నింపడానికి పైనా కిందా కోస్తున్నారు, పోయేది నాలుగో వంతు. నెత్తి మీద జుట్టు, కాళ్ల కింద నేల ఎప్పుడూ కనబడకపోతే అదే జరిగిందని అర్థం. సాగదీత పట్టుకోవడం ఇంకా తేలిక. గోడ గడియారం, బండి చక్రం, బొట్టు చూడండి. అవి గుండ్రంగా లేకపోతే బొమ్మ తప్పు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ వాడేవాళ్లు "ఎ" మీట నొక్కుతూ పోతే కొలతలు మారతాయి, గడియారం గుండ్రమయ్యేచోట ఆపాలి. కదిలేవాటి అంచుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే "డి" నొక్కితే పోతాయి. కోసేసిన అంచులను మాత్రం ఏ మీటా తిరిగి తేలేదు. వేరే కాపీ వెతుక్కోవడమే.

కాపీరైటు యంత్రాలకు చిక్కకుండా బొమ్మను అద్దంలోలా తిప్పి ఎక్కించేవాళ్లున్నారు. బోర్డుల మీద అక్షరాలుంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే పైట చూడండి, అది ఎడమ భుజం మీద ఉండాలి. అందరూ కుడి భుజాన వేసుకుని ఎడమ చేత్తో అన్నం తింటున్నారంటే ఆ వీడియో మూసేయడం మంచిది. వాటిలో సాధారణంగా గొంతు కూడా మార్చేసి ఉంటారు.

గొంతు అన్నాను కాబట్టి వేగం దగ్గరికొస్తాను. 25 ఫ్రేముల వేగంలో గొంతు దాదాపు అర స్వరం దాకా పెరుగుతుంది. మామూలు మాటల్లో ఎవరికీ తెలియదు. నేపథ్య సంగీతం మీద నిలబడే సినిమాలో తెలుస్తుంది. వంశీ తీసిన అన్వేషణ (1985) సంగతే తీసుకోండి. అడవిలో పక్షుల కూతలకూ సంగీతానికీ ఉన్న సంబంధం వెతకడానికి ఒక అమ్మాయి వస్తుంది. అక్కడ జరిగే చావులను పులి ఖాతాలో వేస్తుంటారు. తలకోన అడవి, ఇళయరాజా సంగీతం, ఆకుల చప్పుడు, ఉన్నట్టుండి ఏ చప్పుడూ లేకపోవడం, భయమంతా అందులోనే ఉంది. గొంతులు సన్నబడి, పాటలు కత్తిరించబడి, అడుగున ఎవరిదో ఛానెల్ లోగో తిరుగుతున్న కాపీలో ఆ అడవి పిక్నిక్ స్పాట్ అవుతుంది. యూట్యూబ్‌లో ప్లేబ్యాక్ వేగాన్ని 0.95 చేసి చూడండి. నడక దారిలో పడుతుంది, గొంతుల సన్నదనం మాత్రం అలాగే ఉంటుంది.

థ్రిల్లర్‌కు ఇంకో శత్రువు మనమే. 1960లో సైకో విడుదల చేసినప్పుడు హిచ్‌కాక్ సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. అది డాబు కాదు. పెద్ద తార కథ సగానికి ముందే చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆమె ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురు చూస్తాడు. ఆ స్నానపు సీను తెర మీద ముప్పావు నిమిషం. తీయడానికి ఏడు రోజులు, కెమెరాను 78 చోట్ల పెట్టి తీశారు. రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపులో అదే బాగా కనబడుతుంది. ఇప్పుడు మనం పేర్లు పడేటప్పుడు టీ పెట్టుకోవడానికి లేస్తాం. వచ్చేసరికి నాలుగు నిమిషాలైతే "ఏమైంది?" అని పక్కవాళ్లను అడుగుతాం. పైగా వీడియో మీద అతికించిన బొమ్మలోనే హంతకుడి ముఖం వేసి ఉంటుంది. ఆ ఒక్క బొమ్మ రెండు గంటల పనిని చెడగొట్టగలదు. పేరు వెతికేటప్పుడు ఫోన్‌ను ఇంకొకరికి ఇచ్చి "పెట్టు" అనడం తప్ప దానికి మందు లేదు.

ఒక్క కూర్చోడంలో చూడలేనివాళ్లుంటారు. పాలమూరు నుంచి ముంబై, పుణె సైట్లకు పనికి పోయినవాళ్లు షెడ్డులో పడుకునే ముందు ఇరవై నిమిషాలు చూస్తారు. వాళ్లకు "సినిమాను సినిమాలా చూడాలి" అని సుద్దులు చెప్పడం దండగ. పన్నెండు నిమిషాలకో యాడ్ వేసే టీవీ కంటే వాళ్ల పద్ధతే నయం. ఒక పెద్ద రీలు సుమారు 20 నిమిషాలు ఉండేది. ఆ లెక్కన ఆపుకుంటే నష్టం తక్కువ. తెలుగు సినిమాలో "విశ్రాంతి" అట్ట పడేచోటు దర్శకుడు కట్టిన మలుపు, రెండు రోజులు చేసుకునేవాళ్లు అక్కడే ఆపాలి. హాలీవుడ్ సినిమాకు అలాంటి చోటుండదు. మన థియేటర్లో ఏదో ఒక రీలు అయ్యాక లైట్లు వేసేవారు, అంతే. ఫోన్‌లో చూసేటప్పుడు తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. ఫోన్ స్పీకరుకు లోతు శబ్దం ఉండదు కాబట్టి భయపెట్టే గర్జన అసలు చేరదు. కళ్ల కోసమని పెట్టుకునే పసుపు వెలుగును ఆ కాసేపు ఆపేయాలి. పాత సినిమాల్లో రాత్రంతా నీలం మీద నడుస్తుంది, ఆ పసుపు దాన్ని మట్టిరంగు చేస్తుంది.

ఈ నీలం కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దెయ్యం సినిమాల మీద వినబడే పెద్ద వెటకారం దీని వల్లే. "పట్టపగలు దెయ్యం తిరుగుతున్నది, అందరు లాంతర్లు పట్టుకున్నరు" అని నవ్వుతారు. నిజమే, అది పగలే తీశారు. మైదానాన్నీ కొండనూ రాత్రి వెలిగించాలంటే జనరేటర్లు, పెద్ద లైట్లు కావాలి. ఆ ఖర్చు పెట్టలేక పగలు నీలం ఫిల్టరు వేసి, మామూలు కంటే రెండు స్టాపులు తక్కువగా, అంటే నాలుగో వంతు వెలుతురుతోనే తీసేవారు. ఆకాశం ఫ్రేములోకి రాకుండా కెమెరాను కిందికి వంచేవారు, సూర్యుణ్ణి పాత్రల వెనక పెట్టుకునేవారు. మిగతా పని ల్యాబులో. ప్రింటు తీసేటప్పుడు దాన్ని ఇంకా నల్లగా దించేవారు. అప్పుడది వెన్నెల అయ్యేది. ఏళ్ల తర్వాత ఆ సినిమాను వీడియోకు మార్చేవాడు "ఏం కనబడతలేదు" అని మీట పైకి తిప్పాడు. ల్యాబువాళ్లు చేసిన రాత్రి మళ్లీ పగలైంది. నేల మీద నీడలు కత్తిరించినట్టు ఉండి, ఆకాశం తెల్లగా ఉండి, పాత్రలు చీకటి అంటున్నారంటే టీవీలో వెలుతురును మీరే తగ్గించండి. నీడల అంచులు మెత్తబడేదాకా తగ్గిస్తే సీను మారిపోతుంది. అప్పుడూ ఆకాశం తెల్లగానే ఉంటే తప్పు ఛాయాగ్రాహకుడిదే, ధైర్యంగా నవ్వొచ్చు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ 1957లో మాయాబజార్ పడవ పాటలో లేని వెన్నెలను పుట్టించిన తీరు చూస్తే, తెర మీది దొంగ వెన్నెల కూడా నిజమనిపించగలదని తెలుస్తుంది.

టీవీలో సరిచేయాల్సినవి ఇంకొన్ని. కొత్త టీవీలు కదలికను నున్నగా చేసే ఏర్పాటుతో వస్తాయి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ (ఇటీవలివాటిలో పిక్చర్ క్లారిటీ) అంటారు. అది ఉంటే ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను టీవీయే పుట్టిస్తుంది, దెయ్యం సీరియల్ కోడలిలా నడుస్తుంది. ఆపేయాలి. బొమ్మను "వివిడ్" నుంచి "సినిమా"కు మార్చాలి. శబ్దంలో సరౌండ్ ఆపాలి. పాత సినిమా శబ్దం ఒకే దారిలో వచ్చే మోనో, దాన్ని నాలుగు పక్కలా పంచితే మాటలు బావిలోంచి వచ్చినట్టుంటాయి. ఆటో వాల్యూం తప్పకుండా ఆపాలి. నెమ్మది శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తొక్కి రెండూ సమానం చేయడమే దాని పని. భయపెట్టడమంటే ఆ రెండింటి మధ్య తేడానే కదా. చివరగా ట్యూబులైటు, ఫ్యాను. మే నెలలో మన దగ్గర ఫ్యాను ఆపమంటే తంతారు. రెండో నంబరు మీద పెట్టి, టీవీ శబ్దం రెండు గీతలు పెంచితే చాలు.

ఇవన్నీ చేసి రాంగోపాల్ వర్మ రాత్రి (1992) పెట్టి చూడండి. రేవతి నటించిన ఈ సినిమానే హిందీలో రాత్‌గా తీశారు. అందులో దెయ్యాన్ని చూపించడం తక్కువ, దెయ్యం ఎక్కడి నుంచి చూస్తోందో చూపించడం ఎక్కువ. కెమెరా నేలకు దగ్గరగా, ఎవరిదో తెలియని చూపులా జారుతుంది. "దెయ్యమేది?" అని అడిగేవాళ్లకు ఆ కెమెరాయే దెయ్యమని చెప్పాలి. అంతకు పదకొండేళ్ల ముందు ఈవిల్ డెడ్ (1981) కుర్రాళ్లు ఇదే పని పేదరికంలో చేశారు. కెమెరాను ఒక చెక్కకు బిగించి, రెండు కొసలా ఇద్దరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. తీసింది 16 ఎం.ఎం. ఫిల్ము మీద, తర్వాత 35కు పెంచారు. రక్తం మొక్కజొన్న పాకం, రంగు, కాఫీలో పాలకు బదులు వేసుకునే క్రీమరు పొడి. 1975 నాటి జాస్‌లో యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించడంతో దాన్ని దాచి తీయాల్సి వచ్చింది, దాచడమే భయమైంది. చవక సినిమాల్లో మంచివాటిని చెడ్డవాటి నుంచి వేరు చేసేది డబ్బు కాదు. లేని డబ్బు ఎక్కడ కనబడకుండా చేశారన్నదే.

అందుకే విఠలాచార్య మీద మీమ్‌లకు నేను ఒప్పుకోను. ఉడుపి వైపు నుంచి వచ్చిన ఆ మనిషి కంప్యూటర్ లేని రోజుల్లో అస్థిపంజరాలను ఆడించాడు. ఆ జానపదాల కత్తి వీరుడు కాంతారావు మనవాడే, కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టాడు. గురువును మించిన శిష్యుడు (1963), జ్వాలాద్వీప రహస్యం (1965) లాంటివి చూసేటప్పుడు కత్తి, ముఖం, పాదాలు మూడూ ఒకే ఫ్రేములో ఎన్నిసార్లు ఉన్నాయో గమనించండి. ఉన్నాయంటే అక్కడ డూపు లేడు, నటుడే అడుగులు వేస్తున్నాడు. ఇప్పటి ఫైట్లలో ఈ పరీక్ష నెగ్గేవి వెతుక్కోవాలి.

ఆ మాయలు ఎలా చేసేవారో తెలిస్తే చూసే తీరు మారుతుంది. మనిషి మాయమవ్వాలంటే కెమెరాను స్టాండుకు బిగించి, అందరినీ కదలకుండా నిలబెట్టి, కెమెరా ఆపి, ఆ ఒక్కడినీ తప్పించి మళ్లీ నడపాలి. ఆ మధ్యలో పక్కవాడి చెయ్యి బెత్తెడు కదిలినా తెర మీద గెంతు కనబడుతుంది. ఆరుబయట అయితే మబ్బు పట్టినా పట్టుబడతారు, నీడ ఒక్కసారి పాలిపోతుంది. ఒకే నటుడు ఇద్దరుగా కనబడాలంటే లెన్సు ముందు సగాన్ని నల్ల అట్టతో మూసి, ఎన్ని ఫ్రేములు నడిచిందో లెక్కపెట్టుకుని, ఫిల్మును వెనక్కి చుట్టి, అట్టను అటు మార్చి మళ్లీ తీయాలి. రెండోసారి తప్పితే మొదటిసారి తీసింది కూడా పోయినట్టే, ఎందుకంటే రెండూ ఒకే నెగటివ్ మీద ఉన్నాయి. వెలుతురు కొంచెం మారితే తెర మధ్యలో నిలువు గీత లేస్తుంది. నటుడు ఆ గీత దాటితే అతని వేళ్లు తెగిపోతాయి. ఎగిరి చెట్టెక్కడం ఎక్కువగా చెట్టు మీంచి దూకింది వెనక్కి తిప్పి చూపడమే. దుమ్ము నేలలోకి దిగిపోతుంటే, పొగ చితిలోకి తిరిగి వెళ్తుంటే అదే. గుర్రాలు మరీ వేగంగా పోతున్నాయంటే సెకనుకు 18 ఫ్రేములతో తీసి 24తో నడిపారు, మూడో వంతు వేగం ఊరికే కలిసొస్తుంది. అది అతి చేసినప్పుడు తోకలు గిలగిలా కొట్టుకుంటాయి, అక్కడ నవ్వు న్యాయమే. జగన్మోహిని (1978)లో దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేసే సీనుకు మాత్రం ఏ సాంకేతిక క్షమాపణా అక్కర్లేదు. ఖర్చంతా ఊహలోనే ఉంది.

ఇవి ఒంటరిగా ఫోన్‌లో చూసే సినిమాలు కావు. పదిమంది ఉంటే బాగుంటుంది. ఇంటి డాబా మీద ప్రొజెక్టరు పెట్టుకునేవాళ్లకు నా సలహా: 8 అడుగుల వెడల్పు బొమ్మకు మామూలు ప్రొజెక్టరు 12 అడుగుల దూరంలో ఉండాలి, దాని వెలుగు 3,000 ల్యూమెన్లు ఉంటే సరిపోతుంది. సున్నం వేసిన గోడ దొరికితే దుప్పటి జోలికి పోవద్దు. దుప్పటే దిక్కయితే వెనక నల్లగుడ్డ కట్టాలి, లేకపోతే వెలుగు అటు కారిపోతుంది. కింది అంచుకు బరువులు కట్టకపోతే గాలికి కాంతారావు ముఖం అలలు తిరుగుతుంది. ఎండాకాలం ఏడున్నర కంటే ముందు మొదలుపెట్టొద్దు, పొద్దు పోయాక కూడా ఆకాశంలో వెలుతురు ఉంటుంది. స్పీకరు తెర కిందే పెట్టాలి, ప్రొజెక్టరు పక్కన కాదు.

రామ్సే సోదరుల సినిమాలకు ఇక్కడ ఎప్పుడూ గిరాకీ ఉండడానికి కారణం తెలిసిందే, ఉర్దూ అలవాటున్న జిల్లాల్లో హిందీ దెయ్యానికి అనువాదం అక్కర్లేదు. ఏడుగురు అన్నదమ్ములు. తులసి, శ్యామ్ దర్శకులు, గంగు కెమెరా, కిరణ్ శబ్దం, కుమార్ రచన, ఇలా పని ఇంట్లోనే పంచుకునేవారు. పురానా మందిర్ (1984)లో సామ్రీ అనే రాక్షసుడు కనిపించే సీన్లలో ఎర్ర, ఆకుపచ్చ లైట్లు, పొగ, తలుపు కిర్రు ఇప్పటికీ పనిచేస్తాయి. కానీ అదే సినిమాలో షోలేను వెక్కిరిస్తూ జగ్‌దీప్ కామెడీ గొడవ ఒకటి వేరే దారిన నడుస్తుంటుంది. దెయ్యానికీ దానికీ చుట్టరికం లేదు. అప్పటి ప్రేక్షకుడికి రెండు గంటలకు పైన సినిమా ఇవ్వాలి కాబట్టి నింపిన సరుకది. దాటేయండి, ఏ పాపమూ అంటదు. దానికి బోర్ అని పేరు పెట్టినవాళ్లు సరిగ్గానే పెట్టారు.

కామెడీ దగ్గర నా వాదన బలం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కామెడీకి చెడ్డ కాపీ పెద్దగా అడ్డురాదు. జంధ్యాల సినిమాలు నోటి మీద నడుస్తాయి. బొమ్మ ఎంత మసకబారినా అహ నా పెళ్ళంట (1987)లో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తింటే నవ్వు వస్తుంది. చూడాల్సింది ఒక్కటే, రెండు మాటల మధ్య ఖాళీ. టీవీకి కుదించేటప్పుడు ఆ ఖాళీలు కోసేస్తే పంచ్ మీద పంచ్ పడి ఏదీ తగలదు. అంతకు మించి కామెడీకి నవ్వు రాలేదంటే కాపీ మీద నెట్టే వీలు లేదు.

మన వైపు ప్రేక్షకుడికి నవ్వు రాకపోవడానికి ఇంకో కారణముంది. దాన్ని ఏ మంచి ప్రింటూ బాగు చేయలేదు. ఆ కాలం సినిమాల్లో హీరో, హీరోయిన్, జడ్జి, డాక్టరు మాట్లాడే తెలుగు ఒకటి. రౌడీ, దొంగ, పనివాడు, అవినీతి మంత్రి మాట్లాడేది నల్లగొండ, పాలమూరు ఇళ్లలో మాట్లాడే తెలుగు. ప్రతిఘటన (1985)లో కాశయ్య పాత్రకు తెలంగాణ యాస పెట్టారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట దాన్ని ఎంత పట్టుగా పలికారంటే ఆ పాత్ర ఆయన్ను నిలబెట్టింది. ఆయన పనితనానికి వంక లేదు. కానీ ఆ తర్వాత విలను నోట్లో అదే యాస, కమెడియన్ నోట్లో అదే యాస అచ్చు పోసినట్టు వచ్చాయి. థియేటర్లో యాస వినబడగానే పడే నవ్వు మాటలోని చమత్కారానికి కాదు, మాట్లాడేవాడి ఊరికి.

కాబట్టి అప్పటి కామెడీ సీనును జడ్చర్లలోనో దేవరకొండలోనో ఒక ఇరవై ఏళ్ల పిల్ల చూసి ముఖం చిట్లిస్తే, "ఆ రోజుల్లో అందరూ నవ్వారు" అని చెప్పి ప్రయోజనం లేదు. యాస తీసేసి అదే డైలాగు మామూలు తెలుగులో చదివి చూడండి. చమత్కారం మిగిలితే సీను నిలుస్తుంది, జంధ్యాల రాసిన చాలా సీన్లు నిలుస్తాయి. ఏమీ మిగలకపోతే ఆ పిల్ల చూసింది సరైన కాపీనే.